నాలుగు రంగుల అండాలత్త

చెల్పూర్‌లో మా చెల్లెలి కొడుకు ఉంటాడు. అక్కడి కరెంటు ప్లాంటులో ఇంజినీరు. మోకాళ్ళ నొప్పులతో నేనిప్పుడు ఎక్కడికీ కదలడం లేదు గానీ, పోయిన చలికాలం వాడే కారు పంపి వారం రోజులు ఉండి పొమ్మని పిలిపించుకున్నాడు. భూపాలపల్లి ఇంకా రాకముందే పొగగొట్టాలు కనిపిస్తాయి. క్వార్టర్సులో ఏ కిటికీ తెరిచినా అవే. వాడి కూతురు ఇంటర్ చదువుతోంది, నన్ను పెద్ద నానమ్మా అంటుంది, బొమ్మలు వేస్తుంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల గదిలో కింద కూర్చుని, ముప్పై ఆరు రంగుల పెట్టె ముందేసుకుని, ఫోనులో వాళ్ళమ్మ ఫోటో చూస్తూ ముఖం వేస్తోంది. అన్ని రంగులూ కలిపి కలిపి చివరికి బురద తేలింది. కుంచె పడేసి, "పెద్ద నానమ్మా, నువ్వు గూడ బొమ్మలు వేసేదానివట గదా, నీ దగ్గర ఎన్ని రంగులుండె?" అంది. నాలుగు అన్నాను. నవ్వింది. నాలుగిటితో మనిషి ముఖం ఎట్లా వస్తుందని అడిగింది. వస్తుందన్నాను. ఎవరి ముఖం వేశావని అడిగింది. అండాలత్తది అన్నాను. మా మేనత్త పేరు ఆ పిల్ల ఎన్నడూ విని ఉండదు. ఆమె పోయేనాటికి దాని తండ్రే చేతుల మీద తిరిగే పసివాడు. ఆ సాయంత్రం కొంత చెప్పాను. చెప్పలేకపోయిన మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

మాది జనగామ. బజారులో మా దుకాణం. నూనెలు, బెల్లం, చింతపండు, ఎండు మిరపకాయలు టోకున అమ్మేవాళ్ళం. ముందు దుకాణం, దాని వెనుక గోదాము, గోదాము వెనుక మేముండే అర్రలు, వాటి వెనుక వంటిల్లు, వంటింటి వెనుక అండాలత్త అర్ర, ఆ తరువాత దొడ్డి. రైలు డబ్బాలాగా పొడుగ్గా, సన్నగా ఉండేది ఇల్లు. రెండు పక్కలా ఇరుగుపొరుగు వాళ్ళ గోడలే కాబట్టి కిటికీ అన్నది లేదు. ఇంటి నడుమ ఒక చోట మాత్రం పైకప్పు లేకుండా చిన్న చదరం వదిలారు. కోతులు దిగకుండా దాని మీద ఇనుప చువ్వలు బిగించారు. పొద్దున పదింటి నుంచి కాసేపు అందులోంచి ఎండ దిగేది. చువ్వల నీడలు గచ్చు మీద ఒక గోడ నుంచి రెండో గోడకు పాకి, పన్నెండు దాటాక మాయమయ్యేవి. మా ఇంట్లో గడియారం అదే. మిరపకాయల ఘాటు, పాత బెల్లం పులుపు, అవిసె నూనె వాసన, కిరోసిన్ వాసన అన్నీ కలిసి గోడలకు పట్టేసి ఉండేవి. హాస్టలుకు పోయిన కొత్తలో నా పెట్టె తెరిస్తే పక్క పిల్లలు తుమ్మేవాళ్ళు.

మా నాయనను బాపు అనేవాళ్ళం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నూనె డబ్బా వస్తే ఒక చుక్క రెండు వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, కళ్ళు మూసుకుని ఏ ఊరి గానుగదో చెప్పేవాడు. దుకాణం మూసి లోపలికి వచ్చాక కాళ్ళు కడుక్కుని, అన్నం తింటూ ఎవ్వరితోనూ మాట్లాడేవాడు కాదు. మాకు ఏదైనా కావాలంటే ఆ అన్నం అయ్యేదాకా ఆగాలి. అడిగితే "చూద్దాం తియ్" అనేవాడు. చూద్దాం తియ్ అంటే కాదని. కొట్టడు, తిట్టడు, ఇంకోసారి అడిగే వీలూ ఇవ్వడు. ఆయన్ని చెడ్డవాడని అనుకోవడానికి నాకు ఎంత ప్రయత్నించినా సాక్ష్యం దొరకలేదు. ఆ ఇంట్లో ఊపిరాడకపోవడానికి అదీ ఒక కారణం.

అండాలత్త బాపుకు చెల్లెలు. పదకొండో ఏట మానుకోటకు ఇచ్చి పెళ్ళి చేశారు. మహబూబాబాద్‌ను మేమందరం మానుకోట అనే అంటాం. పదిహేనో ఏట ఆమె మొగుడు జ్వరంతో పోయాడు. బాపు పోయి తీసుకొచ్చాడు. అప్పటి నుంచి వంటింటి వెనుక అర్ర ఆమెది. తెల్లవారకముందే లేచి దొడ్డి ఊడ్చి, నీళ్ళు తోడి, వంట చేసి, తరువాత సాయంత్రం దాకా మిరపకాయలకు తొడిమలు తీయడం, చింతపండులో గింజలు కొట్టడం. ఆమె చేతులు ఎప్పుడూ ఎర్రగా, వాచినట్టు ఉండేవి. ఆ చేత్తో కన్ను నలుపుకోకూడదని, దురద పెడితే భుజంతో ముఖం రుద్దుకునేది. ఉతికి ఉతికి రంగు తెలియకుండా పోయిన చీరలు కట్టేది. దుకాణం వైపు రాదు. ఎక్కడికైనా పోవలసి వస్తే దొడ్డి తలుపు నుంచి, వెనుక సందులోంచి. ఆమె చదవగలదని నాకు చాలా రోజులు తెలియదు. పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లను చింపేముందు ఒక్కొక్కటీ చదివేది. లోకంలో జరిగేవన్నీ ఆమెకు నెలా రెండు నెలలు ఆలస్యంగా తెలిసేవి. చదవడం ఎవరు నేర్పారంటే మానుకోటలో నేర్చుకున్నానని మాత్రం చెప్పింది.

నేను హనుమకొండలో కాలేజీలో చేరిన రెండో ఏడు తెలంగాణ కావాలన్న ఉద్యమం లేచింది. క్లాసులు ఆగిపోయాయి. మేమందరం రోడ్ల మీదికి వచ్చాం. నా గొంతు పెద్దది, అందుకని ముందు వరుసలో నడవమనేవాళ్ళు. మా భాష విని నవ్వినవాళ్ళ మీద, మా కొలువుల్లో కూర్చున్నవాళ్ళ మీద ఉన్న కోపమంతా ఆ నినాదాల్లోకి పోయేది. బయటివాళ్ళు పోవాలని నేనూ అరిచాను. ఒకరోజు పోలీసులు కొట్టారు. నాకు దెబ్బ తగల్లేదు గానీ, ఎవరో పోయి జనగామలో చెప్పారు. మరునాడే బాపు చేతి సంచీతో హాస్టలు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. దారిలో దవాఖాన ముందు తలకు కట్లు కట్టుకున్న పిల్లల్ని చూశాడట. బస్సులో ఆయన చేయి నా మణికట్టు మీదే ఉంది, జనగామలో దిగేదాకా తీయలేదు. గొడవ సద్దుమణిగాక పోదువు గానీ అన్నాడు.

ఆ రోజు లోపలికి పోయినదాన్ని నెలల తరబడి బయటికి రాలేదు. దుకాణం వైపు రావద్దు, మేడ లేదు, కిటికీ లేదు. బందు ఉన్న రోజు దుకాణం పలకలన్నీ మూసేసేవాళ్ళు. ఇల్లంతా బావిలోలాగా చల్లగా, చీకటిగా అయ్యేది. ఊరేగింపు మా బజారులోంచే పోయేది. గోదాము గోడకు ఆనుకుని నిలబడితే ఆ శబ్దం వీపుకు తెలిసేది. అన్ని నినాదాలూ నాకు వచ్చు. పెదవులు మాత్రం కదిపేదాన్ని. లోపల అమ్మ పప్పు రుబ్బుతూ ఉండేది. చెల్లెలు చిన్నది, గచ్చు మీద నీడల గళ్ళలో గెంతుతూ ఆడుకునేది. దానికి ఆ ఇల్లు చాలు.

మా బళ్ళో డ్రాయింగ్ సారు ఒకాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి. జనగామకు వచ్చి ఎనిమిదేళ్ళయింది. బళ్ళో చదివే రోజుల్లో, ఆదివారాలు ఆయన ఇంటి వసారాలో కూర్చోబెట్టి నాకు నూనెరంగులు నేర్పాడు. ఫీజు అడగలేదు. ఒకసారి మాత్రం నా మాట విని, నువ్వు మామూలుగా మాట్లాడినా తగవు పెట్టుకున్నట్టే ఉంటుందని నవ్వాడు. నాకు చాలా రోజులు గుచ్చుకుంది. హనుమకొండలో బయటివాళ్ళు పోవాలని అరిచినప్పుడు నిజానికి ఆయన నాకు గుర్తుకు రాలేదు. ఆయన సారు, అంతే అనుకునేదాన్ని. ఆ ఎండాకాలంలో ఒకరోజు బాపు నన్ను దుకాణంలోకి పిలిచాడు. సారు నిలబడి ఉన్నాడు, కాళ్ళ దగ్గర ట్రంకు పెట్టె, చేతిలో రంగుల పెట్టె. ఆయన ఇంటి తలుపు మీద తారుతో ఏం రాశారో బాపు నాకు తరువాత చెప్పాడు. సారు పెట్టె నా చేతికిచ్చాడు.

"నాలుగే ఉన్నాయమ్మా. తెలుపు, నలుపు, పసుపుమన్ను, ఎరుపు. నీలం అయిపోయింది. ఏం ఫర్వాలేదు, మనిషి ముఖానికి ఇవి చాలు. నలుపులో తెలుపు కలిపి ఎరుపు పక్కన పెట్టు, అదే నీలంగా కనిపిస్తుంది. నలుపులో పసుపు కలిపితే ఆకుపచ్చ. లేదనుకున్న రంగు కూడా ఉన్నవాటిలోంచే రావాలి."

నేను ఏదో అనాలి. క్షమించమనాలో, వెళ్ళవద్దనాలో తెలియలేదు. ఆయన ఎదురుచూసినట్టు ఒక్క నిమిషం నిలబడి, వెళ్ళొస్తానమ్మా అని ట్రంకు ఎత్తుకున్నాడు. బాపు స్టేషను దాకా తోడు పోయాడు.

కాన్వాసు లేదు. సబ్బుల పెట్టె చెక్కలు విడదీసి చట్రం చేసి, గాడా అనే ముతక బట్ట బిగించి, వడ్రంగులు వాడే జిగురు కాచి, సుద్దపొడి కలిపి పూశాను. అవిసె నూనె దుకాణంలో ఉండనే ఉంది. కుంచెలు కడగడానికి కిరోసిన్. నీడల చదరం దగ్గర కూర్చుని ఇదంతా చేస్తుంటే అత్త మిరపకాయల చాట పట్టుకుని నా పక్కకు వచ్చి కూర్చుంది. ఎవరి బొమ్మ వేస్తావని అడిగింది. తెలియదన్నాను. చాలాసేపు తొడిమలు తీసి, తలెత్తకుండానే, "నాది ఏస్తవా బిడ్డా? నాకు ఒక్క ఫోటువ లేదు" అంది.

నేను నమ్మలేదు. మా ఇంట్లో గోడ నిండా ఫోటోలు. చెల్లెలు పుట్టినప్పుడు ఫోటోగ్రాఫర్‌ను ఇంటికే పిలిపించి అందరం కూర్చుని తీయించుకున్నాం. పోయి చూశాను. బాపు, అమ్మ, నేను, ఒళ్ళో చెల్లెలు, మానుకోట చుట్టాలు. అత్త లేదు. ఆ రోజు వెనుక కట్టిన దుప్పటి గాలికి ఊగుతుంటే, ఎవరైనా పట్టుకోండి అన్నాడు ఫోటోగ్రాఫర్. పట్టుకున్నది ఆమె. ఫోటోలో ఎడమ అంచున, దుప్పటి మీద నాలుగు వేళ్ళు ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు వచ్చాయి నాకు, ఆ ఫోటో కింది నుంచే రోజూ నడిచాను, ఆ వేళ్ళు చూడలేదు.

అట్లా మొదలైంది. రోజూ ఎండ దిగే రెండు గంటలు ఆమె ఆ చదరంలో పీట మీద కూర్చునేది. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు కాబట్టి ఒళ్ళో చింతపండు పెట్టుకునేది. అయ్యేదాకా చూడవద్దని ఒట్టు పెట్టించుకున్నాను. మొదటి వారం నేను వేసిన ముఖం చక్కగా వచ్చింది. నున్నటి బుగ్గలు, పెద్ద కళ్ళు, క్యాలెండరులో లక్ష్మిలాగా. చూసేకొద్దీ సిగ్గేసింది. ఆ మనిషి మా ఇంట్లో లేదు. కిరోసిన్ గుడ్డతో తుడిచేశాను. రెండోసారి వేసిందీ తుడిచాను. తుడిచినప్పుడల్లా బట్ట మీద మట్టి రంగు నీడ ఒకటి మిగిలేది, దాని మీదే మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

కూర్చున్నప్పుడు అత్త మాట్లాడేది. మానుకోటలో వాళ్ళ ఇల్లు స్టేషనుకు దగ్గరట. ఆ పిల్లవాడికి, అంటే ఆమె మొగుడికి, అప్పుడు పదిహేడేళ్ళు. అత్తగారు నిద్రపోయే మధ్యాహ్నాలు పిండి మీద వేలితో అక్షరాలు రాసి చూపించేవాడట. అడుగుల చప్పుడు వినిపిస్తే పిండి కలిపేసేదట. అట్లా నాలుగేళ్ళు. ఆయన ముఖం గుర్తుందా అని అడిగాను. లేదంది. వేలు గుర్తుందంది. ఏడవలేదు. ఆమె ఏదైనా దాచుకోవలసి వచ్చినప్పుడు బుగ్గ లోపలి భాగాన్ని పళ్ళ మధ్య పట్టుకునేది, అప్పుడు ముఖం ఒక పక్కకు గుంజుకుపోయేది. పదహారేళ్ళ పాటు ఆ చేతి వంట తిన్న నేను ఆ సంగతి అప్పుడు గమనించాను.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అన్నం అయ్యాక, కాలేజీలు మళ్ళీ తెరుస్తారంటున్నారని బాపుతో అన్నాను. ఆయన చేయి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుని, "చదివింది చాలు తియ్ బిడ్డా. ఇంటి కాడ ఉండు" అన్నాడు. చూద్దాం అని కూడా అనలేదు. అమ్మ పళ్ళేలు తీస్తూ నా వైపు చూడలేదు.

మరునాడు అత్త వచ్చి పీట మీద కూర్చునేసరికి నాలో ఏదీ స్థిమితంగా లేదు. కుంచె వదిలేసి, రంగులు కలిపే రేకు ముక్కతోనే వేయడం మొదలుపెట్టాను. చువ్వల నీడలు ఆమె ముఖం మీద అడ్డంగా పడి ఉన్నాయి. నలుపులో తెలుపు కలిపి వాటిని చర్మం లోపలికి దింపాను. ఎరుపు పక్కన అవి సారు చెప్పినట్టే నీలంగా, దెబ్బ తగిలి కమిలినట్టు కనిపించాయి. నలుపూ పసుపూ కలిపి గొంతు కింద ఆకుపచ్చ పూశాను. ఎడమ కన్ను కిందికి జారింది. దిద్దలేదు. దవడ ఒక పక్క లోపలికి నొక్కుకుపోయింది, నోరు దాని వెంట వంకరపోయింది. మెడ సాగింది. భుజాలు చట్రం అంచుల మధ్య పట్టక ముడుచుకున్నాయి. చేతులు మాత్రం పెద్దవయ్యాయి, ముఖమంత పెద్దవి, ఎర్రటివి, ఒళ్ళో ఎవరో వదిలిపోయిన వస్తువుల్లాగా. మూడు రోజులు అట్లాగే వేశాను. వేస్తున్నంతసేపూ నాకు ఊపిరి ఆడింది. ఆ నెలల్లో ఊపిరి ఆడింది ఆ మూడు రోజులే. ఎదురుగా కూర్చున్న మనిషి తన ముఖం తనకు చూపించమని అడిగిందన్న సంగతి పూర్తిగా మరిచిపోయాను.

అయిపోయిందన్నాను. అత్త లేచి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బొమ్మ ముందుకు వచ్చి నిలబడింది. కొత్త చీర చూడబోతున్నట్టున్న ఆ ముఖం చూసి నాకు అప్పుడు భయం పట్టుకుంది. చాలాసేపు చూసింది. ఒక వేలితో నోటి దగ్గర తాకింది. రంగు ఆరలేదు, వేలికి అంటుకుంది.

"నేను గిట్లున్ననా?"

లేదు అత్తా అన్నాను. ఆమె వేలికి అంటిన రంగును కొంగుకు తుడుచుకుంది.

"నీకు ఎవ్వల మీదనో కోపమున్నది బిడ్డా. ఎదురుంగ నా మొకం దొరికింది." ఇంకా కాసేపు చూసి, "చేతులు మాత్రం నాయే" అంది.

ఇప్పటికీ, ఎవరి బొమ్మ గురించి ఎవరు ఏమన్నా నాకు ఆ మాట ముందు నిలవదు. ఆమె చెప్పింది నిజం. కోపం నాది. ఆమె జీవితంలోంచి నేను దానికి ఒక ఆకారం తీసుకున్నాను, అడగకుండా. కానీ అందులో ఆమెది ఏదీ లేకపోతే ఆమె అంతసేపు నిలబడి ఉండేది కాదని కూడా అనుకుంటాను. ఈ రెండింటిలో ఏది ఎంతో యాభై ఏళ్ళుగా తేల్చుకోలేకపోయాను.

అమ్మ చూసి ఇటువంటిది ఇంట్లో ఉంటే మంచిది కాదంది. బాపును పిలిచింది. ఆయన వచ్చి చూసి, చూపు తిప్పుకుని, నీళ్ళు కాగే పొయ్యిలో పెట్టమని చెప్పి వెళ్ళబోయాడు. అత్త ఆయనకు ఎదురుగా వచ్చింది. "అది నా బొమ్మ అన్నా. నా అర్రల ఉంటది" అంది. ఏ వస్తువునైనా నాది అని ఆమె అనడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. బాపు కూడా వినలేదనుకుంటాను. ఆయన దుకాణంలోకి పోయాడు. ఆమె బొమ్మను తీసుకెళ్ళి పాత చీరలో చుట్టి తలుపు వెనుక గోడ వైపు తిప్పి పెట్టింది. ఆరని రంగు చీరకు అంటింది.

వారం తరువాత, బందు లేని ఒక పొద్దున, తలస్నానం చేసి, ఉన్నవాటిలో కాస్త గట్టి చీర కట్టుకుని, నన్ను లెమ్మంది. దొడ్డి వైపు తిరిగాను. ఇటు కాదంది. గోదాములోంచి నడిచి దుకాణంలోకి వచ్చింది. బేరానికి వచ్చిన లింగాల ఘనపూర్ రైతులు ఇద్దరు గల్లా ముందు కూర్చుని ఉన్నారు. బాపు చేతిలో తూకపు రాయి ఉంది. ఫోటో దిగి వస్తానని, పిల్లను తోడు తీసుకుపోతానని చెప్పింది. అడగలేదు, చెప్పింది. బయటివాళ్ళ ముందు ఆయన గొంతు ఎత్తలేడు. ఆయన ఆ రాయిని తక్కెట్లో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. ఆమె మెట్లు దిగింది.

ఇరవై మూడేళ్ళ తరువాత ఆమె మా బజారును ముందు నుంచి చూసింది. అదేదో కొత్త ఊరన్నట్టు చూసింది. ఈ మేడ ఎప్పుడు కట్టారు, ఈ చెట్టు ఎందుకు కొట్టారు, ఈ దుకాణం ఎవరిది అని ప్రతి పది అడుగులకూ అడిగింది. బడిపిల్లల ఊరేగింపు ఒకటి ఎదురైంది. పక్కకు జరిగి నిలబడ్డాం. ఏమడుగుతున్నారని అడిగితే చెప్పాను. తెలుసు, పేపర్లో చదివానంది. అందులో ఒక పిల్ల గొంతు చించుకుని అరుస్తుంటే, నువ్వూ ఇట్లనే అరిచినవా అంది. అరిచానన్నాను. అత్త ఆ పిల్ల కనిపించినంతసేపు చూసింది.

స్టూడియోలో చెరువు, హంసలు గీసిన తెర ఉంది. ఫోటోగ్రాఫర్ అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా, కుంకుమ భరిణె ముందు పెట్టాడు. ఆమె అవి తాకలేదు, ఉన్నట్టు తీయమంది. కుర్చీలో కూర్చోబోయి ఆగింది. తెర దగ్గరకు పోయి, అంచు ఎత్తి వెనుక చూసింది. ఎవరూ లేరు. అప్పుడు వచ్చి కూర్చుంది. నవ్వమంటే నవ్వలేదు. నేరుగా చూసింది. ఆ ఫోటోలో ఆమె ముఖం ఎంత మామూలుగా, ఎంత నిబ్బరంగా ఉందంటే, దాని పక్కన పెడితే నా బొమ్మ అబద్ధమని ఎవరైనా అంటారు.

బాపు తొమ్మిది రోజులు ఆమెతో మాట్లాడలేదు. పదో రోజు కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది, తిరిగి చేరే తేదీ రాసి. ఆయన చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆ పూట అన్నం అత్త వడ్డించింది. ఆయన తింటున్నప్పుడు ఎవరూ మాట్లాడరు. ఆమె పప్పు గిన్నె చేతిలో పట్టుకునే మాట్లాడింది.

"ఇరవై మూడేండ్ల సంది ఈ ఇంట్ల ఒకదాన్ని పెట్టినవ్ అన్నా. తిండికి తక్కువ చెయ్యలే. ఒక్క మాట అనలే. కని ఇంకొకదాన్ని పెట్టకు."

బాపు చేయి పళ్ళెంలోనే ఆగిపోయింది. లేచి చేయి కడుక్కోవడానికి దొడ్లోకి పోయినవాడు చాలాసేపటికి గానీ రాలేదు. రెండు రోజుల తరువాత నా ట్రంకు పెట్టెకు కొత్త తాళం తెచ్చి దాని మీద పెట్టాడు.

నేను చదువుకున్నాను. మానుకోటలో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠాలతో పాటు బొమ్మలూ నేర్పాను. అక్కడ ఇల్లు తీసుకున్నాక అత్తను నాతో ఉండమని పిలిచాను. "గా ఊరికా? రాను బిడ్డా" అంది. మరి జనగామలో ఎందుకుండాలంటే, అలవాటైంది అంది. ఫోటో దిగిన తరువాత ఆమె దుకాణం ముందు నుంచి మళ్ళీ నడిచిందో లేదో నాకు తెలియదు. నేను లేను కదా. సెలవులకు పోయినప్పుడు ఆ అర్రలోనే, ఆ చాట ముందే ఉండేది. ఆమె దెబ్బలాడి తీసిన తలుపులోంచి నేను బయటపడ్డాను, ఆమె లోపలే ఉంది. ఇది రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఒక వానాకాలం ఆమె పోయిందని కబురు వస్తే, నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఫోటో పటం కట్టించి అందరితో పాటు గోడకు పెట్టారు. బొమ్మ నేను తెచ్చుకున్నాను. తరువాత చేతిలో డబ్బులు ఉన్న రోజుల్లో అన్ని రంగులూ కొని, ఆ ఫోటో చూసి రెండుసార్లు ఆమెను వేశాను. చక్కగా పోలిక వచ్చింది. రెండూ ఎవరికో ఇచ్చేశాను. రాష్ట్రం వచ్చిన రోజు జనగామలో మా పాత దుకాణం ముందు పటాకులు కాల్చారు. నేనూ సంతోషపడ్డాను, ఏడ్చాను కూడా. ఆ చప్పుళ్ళ మధ్య సారు గుర్తుకు వచ్చాడు. ఒక ఉత్తరం రాసి ఉండవలసింది. ఊరి పేరైనా అడిగి ఉంచుకోలేదు.

చెల్పూర్ పిల్ల మరునాడు పెట్టెలోంచి నాలుగు రంగులు తీసి నాకు చూపించి, ఇవేనా అంది. అవే అన్నాను. దానికి ఏ తలుపూ మూసి లేదు. ఎవరి మీద కోపముందో వాళ్ళతోనే అంటుంది, వాళ్ళమ్మ ముఖం మీద పెట్టనవసరం లేదు. దాని బొమ్మలో ముఖం నవ్వుతూ వచ్చింది. మంచిదే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

నేను తిరిగి కాలేజీకి బయలుదేరిన పొద్దు సంగతి ఒకటి చెప్పడం మిగిలింది. మా ఇళ్ళల్లో ఎవరైనా ప్రయాణం కడితే మొగుడు పోయిన ఆడమనిషి ఎదురు రాకూడదు. అత్త ఆ వేళకు తనే దొడ్లోకి పోయి, మనిషి మలుపు తిరిగాడని తెలిసేదాకా అక్కడే ఉండేది. ఆ రోజూ పోయింది. నేను వెనక్కి పోయి, అత్తా నువ్వే ఎదురు రావాలి అన్నాను. నీకు మంచిది కాదు బిడ్డా అంది. వస్తేనే పోతానన్నాను. ఆమె బుగ్గ కొరుక్కుంది. తరువాత నా వెంట నడిచింది. గోదాము దాటి, దుకాణం దాటి, మెట్లు దిగి, నాకు ముందుగా పోయి రోడ్డు మీద తిరిగి నిలబడింది. ఖాళీ చేతులతో. అమ్మ లోపలికి తప్పుకుంది. బాపు గల్లా ముందు తల వంచుకుని ఉన్నాడు. నేను ఆమె వైపు నడిచాను, పక్కనుంచి పోతుంటే ఒక చేత్తో నా తల నిమిరి, "పో. మల్ల తిరిగి సూడకు" అంది.

మలుపు దగ్గర తిరిగి చూశాను. ఆమె ఇంకా రోడ్డు మీదే ఉంది, ఎండకు చేయి అడ్డం పెట్టుకుని. నా వైపు చూడటం లేదు. రెండో వైపు, ఆ రోడ్డు ఊరు దాటి పోయే వైపు చూస్తోంది. దుకాణంలోంచి ఎవరో పిలిచారు. ఆమె చేయి దించింది. లోపలికి పోవడం నేను చూడదలచుకోలేదు. బస్సు వచ్చింది, ఎక్కాను.